ఇరవై ఎనిమిది సీసాలు

జూన్‌ల మా కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తదని మార్చి మొదటి వారంల తెలిసింది. అప్పటికి బీదర్‌ల ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీల నేను కెమిస్ట్రీ చెప్పవట్టి తొమ్మిదేండ్లు. గెస్ట్ లెక్చరర్‌ను. ఏటా జులైల నా పేరు లిస్టుల ఎక్కుతది, ఎండకాలం రాంగనే దిగుతది.

కమిటీ ఫైళ్ల పనంత శారదాదేవి మేడం మీద ఉండె. ఒక దినం నన్ను స్టాఫ్‌రూంల పక్కన కూసోబెట్టుకొని లాప్‌టాప్ తెరిచింది.

"సీమా, ప్రతి పేపర్‌కు ఐదు ఔట్‌కమ్స్ రాసుకున్నం గద. ఈ పేపర్ చదివినంక పిల్లలకు ఏమేం చెయ్యనీకి వస్తదో అవి. అవి నిజంగ వచ్చినయా లేదా అని కమిటీకి చూపియ్యాలె. పిల్లల మార్కులు ఈ గడిల ఎయ్యి, లెవెల్ అదే చెప్తది. ఒకటంటే తక్కువ. మూడంటే ఇంక అడిగేది లేదు."

నేను మార్కులు ఏసిన. ఫస్టియర్ మూడు వచ్చింది. సెకండియర్ మూడు. ఫైనలియర్ గూడ మూడే.

"మేడం, ఇంకో గడి ఖాళీ ఉన్నది. పరీక్ష కాకుండ వేరే తీరు చూసినట్టు సబూత్ అడుగుతున్నరు."

"సెమినార్ పెట్టినమని రాయి. రెండు ఫోటోలు అతికియ్యి. అందరు గట్లనే చేస్తున్నరు."

నేను సరేనన్న. గని ఆ గడి మీద ఉన్న వాక్యం చదివిన. 'ఈ పేపర్ పూర్తి చేసిన విద్యార్థి నీటి నమూనాను ఎవరి సాయం లేకుండ పరీక్షించి ఫలితం చెప్పగలుగుతడు.' రెండేండ్ల కింద నేను రాసిన వాక్యమే. రాసిన అనొద్దు, వేరే కాలేజీ దాంట్ల చూసి దించిన. ఎంతమందికి వస్తదని ఆలోచన చేస్తే, నాకే తెల్వదు. తొమ్మిదేండ్లల్ల ఎన్నడూ ఒక్కొక్కళ్లను నిలబెట్టి చేపియ్యలే.

మర్నాడు ఫైనలియర్ క్లాసుల చెప్పిన. "రేపు అందరు మీ ఇంట్ల తాగే నీళ్లు ఒక సీసాల తెండి. అండ్ల సున్నం ఎంతున్నదో ఎవరిది వాళ్లు చూసి చెప్పాలె. మార్కుల కోసం కాదు."

ఆ క్లాసుల ఇరవై ఎనిమిది మంది. అండ్ల మా ఆడబిడ్డ విద్య ఒకతి. మేం కమఠాణ ఊర్ల ఉంటం. పొద్దుగాల ఏడున్నర బస్సుకు ఇద్దరం కలిసే పోతం. బస్సు దిగేదాంక నేను వదినను, దిగినంక మేడంను. విద్యకు ఐదు సెమిస్టర్లల్ల ఫస్టు వచ్చింది. ఫిబ్రవరిల ఒక మందుల కంపెనీ వాళ్లు వచ్చి మార్కులు చూసి తొమ్మిది మందిని తీసుకున్నరు. మొదటి పేరు విద్యదే. ఆ దినం మా అత్తమ్మ రాచమ్మ వాడకట్టంత బెల్లం పంచింది. కంపెనీ వాళ్లు ఇచ్చిన ఫారం మీద ఒక్క దస్కతు మాత్రం బాకి ఉండె. 'ఈ అభ్యర్థి పరీక్షలు స్వయంగా చేయగలదు' అని పేపర్ చెప్పిన లెక్చరర్ రాసియ్యాలె. మే ఆఖరు దాంక టైం. ఆ లెక్చరర్‌ను నేనే.

సీసాలు వచ్చినయి. హుల్సూర్‌వి, కుశనూర్‌వి, బీదర్ గల్లీలవి. మా ల్యాబ్ అటెండర్ కాశప్ప ఒక్కో సీసకు పేరు చిట్టి అతికించి వరుసగ పెట్టిండు. ఆయన ఆ ల్యాబ్‌ల ఇరవై రెండేండ్ల సంది ఉన్నడు.

పని చెప్పుకోనీకి చిన్నదే. నీళ్లల్ల రంగు మందేస్తే ఎర్రగైతయి. బ్యూరెట్ అని గీతలున్న పొడుగు గాజు గొట్టం ఉంటది. దాంట్లకెల్లి ఇంకో మందు చుక్క చుక్క ఇడువాలె. ఎరుపు పోయి నీలం తిరిగే చుక్క దగ్గర ఆపాలె. ఎంత ఇడిస్తే తిరిగిందో చూస్తే లీటరు నీళ్లల్ల ఎన్ని మిల్లీగ్రాముల సున్నమో ఆ హిసాబ్ తెలుస్తది. మూడుసార్లు చేస్తే మూడు సార్లు అంతే రావాలె.

మాకు నడిచే బ్యూరెట్లు ఆరే ఉన్నయి. అందుకే రోజూ ప్రాక్టికల్‌ల ఐదుగురికొకటి ఇస్తం. ఒకళ్లు ఇడుస్తరు, ఒకళ్లు చూస్తరు, తక్కినోళ్లు రాసుకుంటరు. ఈసారి ఆరుగురిని ఆరుగురిని పిలిచి, ఒక్కళ్లకొకటి ఇచ్చిన. రెండు దినాలు పట్టింది.

అయినంక వాళ్లు లెక్క రాసిచ్చిన చిట్టీలు ముందటేసుకొని కూసున్న. ముగ్గురు ఆఖరు దాంక చెయ్యలేకపోయిన్రు. పందొమ్మిది మందికి రెండు వందల ఎనిమిదికీ రెండు వందల పదహారుకూ నడుమ వచ్చింది. హుల్సూర్ నీళ్లకు అంతే, కుశనూర్ నీళ్లకు అంతే, బీదర్ నల్లానీళ్లకు గూడ అంతే.

కాశప్ప చిట్టీలు చూసి అల్మారల నుంచి ఒక పాత రికార్డు బుక్కు తెచ్చిండు. పేజీలు తిప్పి వేలు పెట్టిండు. రెండు వందల పన్నెండు.

"ఇది దుర్గప్ప సర్ ఉన్నప్పటి లెక్క మేడమ్మా. అప్పటి సంది ఇదే నడుస్తాంది. సీనియర్లు జూనియర్లకిస్తరు."

నాకంటె ముందు కెమిస్ట్రీ చెప్పిన దుర్గప్ప సర్ రిటైరై పదకొండేండ్లు. నేను ఆ నంబరు ప్రతి ఏడాది రికార్డులల్ల చూసిన, ఎర్ర పెన్నుతోని టిక్కు పెట్టిన. ఎన్నడూ అనుమానమే రాలే.

మిగిలిన ఆరుగురివి నేను మల్ల చేసి చూసిన. సరిగనే ఉన్నయి. అందరికంటె మంచిగ చేసింది హుల్సూర్ పిల్ల తబితా. క్లాసుల ఆఖరు బెంచి, మార్కులు అంతంత మాత్రం. పిలిచి అడిగిన.

"నీకెట్లొచ్చింది ఇంత సాఫ్‌గ?"

ఆమె భయపడ్డది, తప్పు చేసిన్నేమో అనుకొని. "ఫస్టియర్‌ల ప్రాక్టికల్ ఫెయిలైన గద మేడం. మల్ల రాసేటప్పుడు బ్యాచ్‌ల నేనొక్కదాన్నే ఉంటి. నెల రోజులు అన్నీ నేనే చేసుకోవాల్సొచ్చింది."

విద్య చిట్టి మీద రెండు వందల పద్నాలుగు ఉండె. ఆ సీస గూడ నేను మల్ల చేసి చూసిన.

ఆ పొద్దుగూకి ఇంట్ల అత్తమ్మ పొయ్యి ముంగట కూసున్నది. విద్య బ్యాగు దించి, "అమ్మా, మన బోరు నీళ్లు మంచిగనే ఉన్నయి, సున్నం తక్కువనే. ఇయ్యాల నేనే చూసిన" అన్నది.

"మంచిగుంటె పప్పెందుకు ఉడకది?" అన్నది అత్తమ్మ, తలకాయ ఎత్తకుండనే. "ఇరవై ఏండ్ల సంది పప్పుకు బాయినీళ్లు ఎందుకు మోస్తున్న నేను?"

విద్య నవ్వింది. తర్వాత నా దిక్కు చూసి నవ్వు ఆపింది.

"ఎంత వదినా, నిజంగ?"

"ఐదు వందల అరవై. మూడుసార్లు చేసిన."

"రికార్డుల ఉన్నది..."

"అది మన నీళ్లది కాదు విద్యా."

ఆమె గోడకు ఒరిగి కూసున్నది. మెల్లగ మాట్లాడింది. "నా దస్తూరి మంచిగుంటదని మూడేండ్లు నన్ను రాయమన్నరు వదినా. రీడింగు వాళ్లు చెప్పేది, నేను రాసేది. బ్యూరెట్ నా చేతికి రాలే. ఇయ్యాల నీలం ఎప్పుడు తిరిగిందో నాకు సమజే కాలే. భయమేసి రికార్డుల చూసి రాసిన." మల్ల అడిగింది. "మరి నాకు ప్రాక్టికల్‌ల యాబైకి నలబై ఎనిమిది ఏసిందెవరు?"

"నేనే."

"ఎందుకేసినవ్?"

ఆడబిడ్డ అని ఎయ్యలే. అందరికి గట్లనే ఏసిన. రికార్డు నీట్‌గ ఉన్నదా, నంబరు దగ్గర్ల ఉన్నదా, అంతే చూసిన. అది జవాబు కాదని నాకే అనిపించింది.

మా ఆయన యోగేందర్ బోరు మోటర్లు వైండింగ్ చేస్తడు. షాపు నుంచి వచ్చినంక సంగతి మొత్తం ఇన్నడు. ఫారం బల్ల మీద పెట్టి, "ఇప్పుడు దీని మీద దస్కతు పెడ్తవా పెట్టవా?" అని అడిగిండు.

"ఇప్పుడైతే పెట్టలేను. ఆమెకు రాదు."

"ఒక్క దస్కతు సీమా. ఆడ పోయి నేర్చుకుంటది. అందరు గట్లనే నేర్చుకుంటరు."

"నువ్వు మోటరు చుట్టకుండనే చుట్టిన అని చెప్పి బోరుల దింపుతవా?"

"మోటరు వేరే. ఇది నా చెల్లె." ఆయన గొంతు పెంచలే. "తొమ్మిదేండ్లు అందరికి మార్కులేసినవ్. మా ఇంటి పిల్ల దగ్గరికి రాంగనే నీకు ఇన్సాఫ్ యాదికొచ్చిందా?"

ఆ మాట నాకు గట్టిగ తగిలింది. అందుట్ల అబద్ధం లేదు.

అత్తమ్మ పొయ్యి కాడికెల్లి నా దిక్కు తిరిగింది. "మిగిలినోళ్లకు పెడ్తవా?" అని అడిగింది.

"తొమ్మిది మందిల ఇద్దరికి వస్తది. ఆ ఇద్దరికి పెడ్త."

"మంచిది" అన్నది ఆమె. పొయ్యి మీదికెల్లి గిన్నె దించి లోపటికి పోయింది. ఆ దినం సంది నన్ను పేరు పెట్టి పిలుచుడు బంద్ చేసింది. 'ఉప్పేడున్నది', 'బస్సు పోతది' – గంత వరకే మాటలు.

విద్య ఎవ్వరి దిక్కు చూడలే. బల్ల మీదికెల్లి ఫారం తీసుకొని, మడిచి బ్యాగుల పెట్టుకున్నది. అంతే. ఆమె ఏమనుకుందో నాకు ఆ దినం తెల్వలే.

నేను ఆ ఖాళీ గడిల అసలు లెక్క రాసిన. ఇరవై ఎనిమిదిల ఆరుగురు. మూడు ఉన్న లెవెల్ ఒకటికి పడ్డది. శారదాదేవి మేడం అది చూసి ప్రిన్సిపాల్ సదాశివ్ సర్ దగ్గరికి తోలింది. ఆయన కన్నడంల మాట్లాడుతడు, నేను మన మాటల్ల చెప్తున్న.

"కూసోండి సీమమ్మా. ఆరుగురేనా?"

"ఆరుగురే సర్."

"చెప్పింది మీరే గదా. మీ చదువు మీద మీరే ఒకటి రాసుకుంటున్నరు."

"అవును సర్. నాకు వచ్చిన లెవెల్ అదే."

ఆయన కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. చెడ్డ మనిషి కాదు. ఎండకాలం పిల్లలకు తాగే నీళ్లు చల్లగ ఉండాలని సొంతంగ తిరిగి చూసేటోడు. "ఇనండి. గ్రేడు తగ్గితే వచ్చే ఏడాది పిల్లలు చేరరు. పిల్లలు లేకుంటే కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటే ఎత్తేస్తరు. అప్పుడు మీ ఆరుగురు గూడ ఉండరు. ఈసారి మీ పేరు పర్మనెంట్ లిస్టుల పెడ్దామని నేనే మేనేజ్‌మెంటుకు చెప్పిన. ఈ కాగితం ఫైల్‌ల పెట్టకండి."

నేను వేరేది అడిగిన. "కాగితం మీ ఇష్టం సర్. నేనైతే ఇచ్చిన. గని పరీక్షలైనంక మే నెలంత ల్యాబ్ తాళంచెవి నాకిస్తరా?"

"ఎందుకు?"

"రానోళ్లకు నేర్పుత."

ఆయన నన్ను వింతగ చూసిండు. డ్రాయర్ గుంజి తాళంచెవి బల్ల మీద పెట్టిండు. నా కాగితం అదే డ్రాయర్‌ల ఏసిండు.

ఏప్రిల్‌ల థియరీ పరీక్షలు అయిపోయినయి. మే మొదటి దినం పొద్దుగాల ఎనిమిదింటికి ల్యాబ్ తెరిస్తే ఇద్దరొచ్చిన్రు. తబితా రావాల్సిన పని లేకున్నా వచ్చింది, ఇంటి కాడ ఉండబుద్ధి కాదని. కాశప్పకు సెలవులు. అయినా వచ్చి బ్యూరెట్లు కడిగి పెట్టిండు.

విద్య రాలే. ఐదు దినాలు నేనొక్కదాన్నే బస్సెక్కిన. ఆరో దినం బస్టాపుకు పోయే వరకు ఆమె అక్కడ నిలబడి ఉన్నది. బస్సుల నా పక్కన కూసోలే, ముంగట సీటుల కూసున్నది. ల్యాబ్‌ల నా దగ్గరికి గూడ రాలే. సీదా తబితా దగ్గరికి పోయింది.

"నాకు నేర్పుతవా?"

తబితా చేతుల ఉన్న గాజు గ్లాసు కింద పెట్టింది. "నేనా? నువ్వు క్లాస్ ఫస్టు గద."

"రాసుట్ల ఫస్టు. చేసుట్ల కాదు."

తబితా నవ్వలే. "దా మరి" అని జరిగి జాగ ఇచ్చింది.

విద్యకు జల్ది రాలే. నీలం తిరిగినంక గూడ నాలుగు చుక్కలు ఎక్కువ పడుతుండె. ఒక గాజు పైపు పలగ్గొట్టి మూలకు పోయి ఏడ్సింది. నేను పోబోతే కాశప్ప చెయ్యడ్డం పెట్టిండు. "ఉండనియ్యిండ్రి మేడమ్మా. పలగ్గొట్టినోళ్లకే వస్తది. నా లెక్కల ఇంకో రెండు పలగాలె." నిజంగనే ఇంకోటి పలిగింది.

నేను ఒక్కసారి దగ్గరికి పోయి చెప్పిన. "కింద తెల్ల కాగితం పెట్టుకో. రంగు జల్ది కనపడ్తది." ఆమె తలకాయ ఊపింది. ఆ దినం సాయంత్రం బస్సుల వచ్చి నా పక్కన కూసున్నది.

పిల్లలు ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నట్టున్నది. నెల ఆఖరుకు పద్నాలుగు మంది వస్తుండె. కుశనూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చినోళ్లు గూడ ఉన్నరు. నేను చెప్పే పని తక్కువైంది. వాళ్లే ఒకళ్ల చెయ్యి ఒకళ్లు చూసుకున్నరు. తొమ్మిదేండ్లల్ల నాకు ఇష్టమైన నెల అదే.

మే ఇరవై తొమ్మిదిన విద్య నన్ను పిలిచింది. "మేడం, నిలవడి చూడుండ్రి" అన్నది. ముందు నేను ఒక సీస ఇచ్చిన, యాడి నీళ్లో చెప్పలే. ఆమె మూడుసార్లు చేసింది. మూడుసార్లూ చేతులు ఒక్క తీరుగనే కదిలినయి. నూట ముప్పై నాలుగు, నూట ముప్పై రెండు, నూట ముప్పై నాలుగు. నేను పొద్దుగాల్నే చూసుకున్న, నూట ముప్పై నాలుగు.

"ఇది మన బాయినీళ్లు గద?" అని అడిగింది.

"ఎట్ల తెలిసింది?"

"ఇంత తక్కువ మన దిక్కు ఇంకేడున్నది?"

బ్యాగులకెల్లి ఫారం తీసింది. మడతల కాడ చినగబట్టింది. నేను దస్కతు పెట్టిన. ఆ తొమ్మిది మందిల ఏడుగురికి పెట్టిన ఆ వారంల. ఇద్దరు ల్యాబ్‌కు రాలే. వాళ్లకు పెట్టలే.

కమిటీ జూన్ రెండో వారంల వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు, రెండు దినాలు. పిల్లలతోని మాట్లాడే టైంకు శారదాదేవి మేడం విద్యను పిలిపిచ్చి ముందు వరుసల కూసోబెట్టింది. మూడు జవాబులు ఇంగ్లీషుల రాసిచ్చి బట్టీ పట్టిచ్చింది. నేను ఎనుక గోడ కాడ నిలబడి ఉన్న.

కమిటీల ఒక పెద్దామె ఫైల్ తిప్పుకుంట అడిగింది. "ఇక్కడ అన్నిటికి మూడున్నది. ఈ మూడేండ్లల్ల నీ అంతట నువ్వు చెయ్యగలిగే పని ఒకటి చెప్పమ్మా."

విద్య లేచింది. బట్టీ పట్టింది చెప్పలే. "నీళ్ల పరీక్ష చేస్త మేడం. మార్చిల నాకు రాకుండె. అప్పటికే నాకు నలబై ఎనిమిది మార్కులు ఉండె. మే నెలల నేర్చుకున్న."

"మార్కులొచ్చినంక నేర్చుకున్నవా?"

"అవును మేడం. మా మేడం రాదని చెప్పిన్రు, అందుకే."

సదాశివ్ సర్ మొకం ఎర్రగైంది. పెద్దామె డైరీల ఏదో రాసుకున్నది. "కూసో" అన్నది. తర్వాత ఇంకో పిల్లను హాస్టల్ గురించి అడిగింది.

గ్రేడు ఎనుకటి లెక్కనే వచ్చింది. పెరగలే, తగ్గలే. ఆమె డైరీల ఏం రాసుకున్నదో ఎవ్వలికి తెల్వదు.

జులైల గెస్ట్ లెక్చరర్ల లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టిన్రు. నా పేరు లేదు. పర్మనెంట్ సంగతి సరే, గెస్ట్‌ల గూడ లేదు. శారదాదేవి మేడం ఫోన్ చేసి, "నేను చెప్పిన సీమా, ఇనలే వాళ్లు" అన్నది. అబద్ధం చెప్పిందని నేననుకోను. కాశప్ప గేటు దాంక వచ్చి నా టిఫిన్ డబ్బ చేతికిచ్చిండు, ల్యాబ్‌ల మర్చిపోయిన అది. ఇంటికి పోయినంక యోగేందర్‌కు చెప్పిన. ఆయన "వేరే కాలేజీల అడుగుదాం" అన్నడు. మార్చిల అన్న మాట గురించి ఆయన ఎత్తలే, నేనూ ఎత్తలే. పదిహేను దినాలకు ఇంకో కాలేజీల దొరికింది, ఈసారి పీయూసీ, అంటే ఇంటర్ పిల్లలకు.

విద్య కంపెనీల చేరింది. తబితాను గూడ తర్వాత పిలిచిన్రు, ఇద్దరూ ఒకే గదిల పని చేస్తున్నరు.

జులై ఆఖరుల ఒక దినం విద్య పొద్దుగూకక ముందే వచ్చింది. వంటింటి గడప మీద కూసున్నది, చెప్పులు గూడ ఇడువలే.

"ఇయ్యాల ఒక మందుల బ్యాచ్ ఆగింది వదినా, నా రీడింగు మీద."

"ఏమైంది?"

"రావాల్సిన లెక్క రాలే. సీనియర్ సర్ వచ్చి, 'కొత్తదానివి, గల్తీ అయుంటది, మల్ల చెయ్' అన్నడు. చేసిన. అదే వచ్చింది. ఇంకోసారి చేసిన. అదే. 'నిన్నటి బ్యాచ్‌ది ఏమున్నదో అదే రాయి, లేటైతాంది' అన్నడు."

"రాసినవా?"

"రాయలే."

"కోపానికొచ్చిండా?"

"గట్టిగ మొత్తుకున్నడు. తబితాను చెయ్యమన్నడు. ఆమెకూ అదే వచ్చింది. అప్పుడు పెద్ద సర్‌ను పిలిచిన్రు. బ్యాచ్ పక్కకు పెట్టిన్రు." చేతులు చూసుకున్నది. "రేపు రమ్మన్నరో లేదో సమజైతలేదు. ఏం చెప్పకుండ పంపిన్రు."

అత్తమ్మ పొయ్యి కాడికెల్లి ఇంటున్నది. "ఏం మందు అది?" అని అడిగింది.

"షుగర్ గోలీలు."

అత్తమ్మ ఆరేండ్ల సంది షుగర్ గోలి మింగుతది, పొద్దుగాలొకటి మాపటికొకటి. గరిట పక్కకు పెట్టింది.

"రేపు పో" అన్నది బిడ్డతోని. "వద్దంటె ఇంటికి రా. ఏమైతది?"

తర్వాత కంచాలు మూడు తీసి కింద పెట్టింది. నేను ఇంకా నిలబడే ఉన్న.

"సీమా, కూసో" అన్నది. "అన్నం చల్లగైతాంది."